శుక్రవారానికల్లా అన్నీ నేర్పించేసే చీటీ గారికి

శ్రీయుత ‘ఈ వారం పాఠాలు’ పత్రం గారి సముఖానికి,

రెండో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి తండ్రి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. ప్రతి శుక్రవారం సాయంత్రం బ్యాగు అడుగున, నీళ్ల సీసాకూ పెన్సిలు డబ్బాకూ నడుమ నాలుగు మడతలుగా నలిగి వచ్చే తమరు కూడా క్షేమమనే తలుస్తాను. ఐదు రోజులు, రోజుకు నాలుగు గడులు, ప్రతి గడి మూలనా టిక్కు పెట్టడానికి ఒక బుల్లి చతురస్రం. ఇరవై గడులకూ ఇరవై టిక్కులతో, ఎవరికీ ఏ బాకీ లేకుండా వారం ముగించే తమరిని చూసినప్పుడల్లా, నలభై ఏళ్లు దాటినా నా బుర్రలో ఇంకా ఎన్ని చతురస్రాలు ఖాళీగా ఉన్నాయో గుర్తుకొచ్చి తలవంచుకుంటూ ఉంటాను.

సోమవారం రెండో గడిలో ‘సమానం గుర్తు – అవగాహన’ అని ఉంది, పక్కన టిక్కూ ఉంది. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే గణితజ్ఞుడు, ‘దీనికి సమానం’ అని మాటిమాటికీ రాయలేక విసిగి, రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి ఇంకేముంటాయని ఆ గుర్తును పెట్టాడు. తక్కిన పండితులందరూ దానికి అలవాటు పడేసరికి వందేళ్లకు పైనే పట్టింది. మా అమ్మాయికి ఒక్క పీరియడ్ చాలిందని తమరు సెలవిస్తున్నారు కనుక, ఆ సంతోషంలో నేనొక కాగితం మీద 8 + 4 = అని రాసి, ఒక ఖాళీ గడి గీసి, దాని పక్కన + 5 అని రాసి ఇచ్చాను. అమ్మాయి ఆ గడిలో తడుముకోకుండా 12 వేసింది. చివరన అనాథలా మిగిలిపోయిన 5ను చూసి కాసేపు ఆలోచించి, దాని పక్కన తానే ఇంకో సమానం గుర్తు పెట్టి 17 అని రాసింది. ఆ గుర్తుకు అర్థమేమిటని అడిగితే, ‘ఇక జవాబు రాయి’ అని అర్థమట. ఇంత చిన్న సంగతి నాన్నకు తెలియదని పాపం ఆమెకు జాలి కలిగింది. ఇందులో పిల్ల తప్పు ఏమాత్రమూ లేదు, ఎందుకంటే ఇంతవరకూ ఆమె చేసిన లెక్కలన్నిటిలోనూ ఆ గుర్తుకు కుడిపక్కన ఉన్నది జవాబు కోసం వదిలిన ఖాళీయే. అటూ ఇటూ సరితూగాలని చెప్పే గుర్తు అది అన్న అనుమానం రావడానికి ఆమెకు ఒక్క అవకాశమూ దొరకలేదు.

మంగళవారానిది ఇంకా పెద్ద ఘనత: ‘స్థాన విలువ, సున్న – పూర్తయినది.’ పూర్తయినదన్న ఆ మాటలోని ధీమాకు నా జోహార్లు. అంకెలను గట్టిగా చదవమంటే మా అమ్మాయి ఇరవై తొమ్మిది తరువాత ఇరవై పది అంటుంది, ఆ పైన ఇరవై పదకొండు అంటుంది. నూట ఐదు రాయమంటే, నూరుకు 100 వేసి దాని పక్కన 5 పెట్టి 1005 చేస్తుంది. ఆమె చెవికి వినపడినదాన్ని వినపడినట్టే రాసింది. నూరులోని రెండు సున్నలూ తమ చోటును పదులకూ ఒకట్లకూ కాపలా కాస్తున్నాయనీ, ఐదు రాగానే ఒక సున్న మర్యాదగా లేచి చోటివ్వాలనీ ఎవరికైనా దానంతటదే ఎలా తోస్తుంది? నన్నడిగితే ఇవి తప్పులు కూడా కావు. ఇరవై పది అన్నదంటే, వరస వెనుక ఒక సూత్రముందని కనిపెట్టి, దాన్ని అవసరమైన దానికంటే ఒక అడుగు ఎక్కువ నమ్మిందన్నమాట. క్రీ.శ. 628లో సున్నతో కూడికలూ తీసివేతలూ ఎలా చేయాలో సూత్రాలు రాసిన బ్రహ్మగుప్తుడంతటివాడు కూడా, సున్నను సున్నతో భాగిస్తే సున్నే వస్తుందని రాసి వెళ్లిపోయాడు. నేటి గణితం దాన్ని ఒప్పుకోదు. ఆయన తమరి చేతికి చిక్కి ఉంటే మంగళవారం గడిలో ఏం పడి ఉండేదోనని నాకు కుతూహలం.

బుధవారపు గడియారం సంగతి ఎక్కువ చెప్పను. మూడు అంకె మీద నిలబడి ‘నేను పదిహేను’ అని చెప్పే ముల్లును ఏడేళ్ల పిల్ల వెంటనే నమ్మకపోవడం ఆమె తెలివికి గుర్తుగానే తీసుకున్నాను. ఇక శుక్రవారం చివరి పీరియడ్‌లో నిజాయితీ పూర్తయింది. వచ్చే వారం వినయం ఉందట.

టీచరు గారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. తరగతి నిండా పిల్లలను పెట్టుకుని, ఎవరికి సున్న అందిందో ఎవరికి జారిపోయిందో ఆవిడకు నాకంటే బాగా తెలుసు. కానీ ఆ తెలిసినదాన్ని రాయడానికి తమరిలో చోటు లేదు. చతురస్రంలో టిక్కు పెట్టవచ్చు, లేదా ఖాళీగా వదిలి పైవాళ్లకు సంజాయిషీ ఇచ్చుకోవచ్చు. ‘ఇంకా నానుతోంది’ అని రాసుకునే వెసులుబాటు ఒకటి తమరు దయచేసి ఉంటే, ఈ లేఖ అవసరమే ఉండేది కాదు.

నానడం అన్నాను కనుక గురువారం మాట. ‘విత్తనం మొలకెత్తుట – పరిశీలన’ అన్న గడికి ఎదురుగా ఆ రోజే టిక్కు పడింది. ఆ రోజు నిజంగా జరిగినదల్లా, ప్రతి పిల్లా ఒక చిక్కుడు గింజను తడి దూదిలో పెట్టి గాజు గ్లాసులో ఇంటికి తెచ్చుకోవడం. గింజ తమరిని చదువుకోలేదు కాబోలు, గురువారం మొలవలేదు. శుక్రవారం అమ్మాయి దాన్ని పదిసార్లు బయటికి తీసి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ దూదిలో ఎలా పడితే అలా దూర్చింది. శనివారం తొక్క ముడతలు పడి ఉబ్బింది. ఆదివారం ఉదయం తొక్క చీల్చుకుని, బియ్యపు గింజంత తెల్లని వేరు కొన కనిపించింది. ఆదివారానికి తమరిలో గడి లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. అమ్మాయి గింజను తలకిందులు చేసి, వేరు ఇంటికప్పు వైపు చూసేలా పెట్టింది. రాత్రి పడుకోబోయే ముందు చూస్తే, ఆ కొన మెల్లగా వంగి కిందికి తిరుగుతోంది. ‘దానికి కింద ఎటుందో ఎవరు చెప్పారు నాన్నా?’ అని అడిగింది. వేరు కొనలోని కణాల్లో పిండి రేణువులు ఉంటాయనీ, అవి బరువుకు అడుగున పేరుకోవడాన్ని బట్టి వేరు దారి పట్టుకుంటుందనీ నాకు తెలిసినంత చెప్పాను. విని, ‘మరి ఆ పిండికి ఎవరు చెప్పారు?’ అంది. దీన్ని ఏ వారం, ఏ గడిలో వేయిస్తారో తమరే సెలవివ్వాలి.

అడుగున ‘తల్లిదండ్రుల సంతకం’ అన్న గీత మీద నేనింకా సంతకం చేయలేదు, మన్నించండి. బల్ల తడవకుండా గ్లాసు కింద వేయడానికి అమ్మాయికి తమరే దొరికారు. మంగళవారం మొత్తం అలుక్కుపోయింది. గురువారం మీద గుండ్రటి తడి మరక ఉంది. ఇప్పుడు గ్లాసు కదిపితే ఊరుకోనని చెప్పి మరీ పడుకుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
సంతకం బాకీ ఉన్న ఒక తండ్రి