డిక్కీ మీద కొలువు తీరిన జిగురు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ జిగురు గారికి,

ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ. ఇక్కడ నా బొటనవేలి గోరు తప్ప మిగతా అందరం క్షేమమే. తమరి క్షేమ సమాచారం అడగవలసిన పని లేదు. స్టిక్కర్ వెళ్లిపోయింది, దాని మీది అక్షరాలూ వెళ్లిపోయాయి. తమరు మాత్రం దారిలో ఎగిరే ప్రతి ధూళి రేణువునూ అక్కున చేర్చుకుంటూ, నల్లగా, జిడ్డుగా, దర్జాగా కూర్చునే ఉన్నారు.

అసలు తమరిని పిలిచిందెవరు? కారుకు డబ్బు కట్టేది కొన్నవాడు. లైఫ్ ట్యాక్సూ ఇన్సూరెన్సూ కట్టేదీ వాడే. తాళాలు చేతికి రాకముందే షోరూం వారు తమ పేరూ ఊరూ ఫోను నంబరూ వెనక అంటించేసి, దండ వేసి, ఫొటో తీసి పంపిస్తారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. ఇంటి గోడ మీద ప్రకటన రాయాలంటే యజమానిని అడుగుతారు. డిక్కీకి ఆపాటి మర్యాద కూడా లేదు. ఊరూరా తిరిగి వారి ప్రచారం చేసిపెట్టేది మనం, పెట్రోలు ఖర్చూ మనదే. కొన్నాళ్లకు ఆ షోరూం బోర్డు తిప్పేసినా, దాని ఫోను నంబరును మోసుకుంటూ మనం సంక్రాంతికి ఊరెళ్లి వస్తూనే ఉంటాం.

మా కారుకైతే నాకు ముందు ఒక యజమాని కూడా ఉన్నారు. ఆయన కొన్నది అన్నిటికన్నా కింది రకం మోడల్. డిక్కీ మీద అతికించుకున్నవి మాత్రం అన్నిటికన్నా పై రకం అక్షరాలు. విడిభాగాల దుకాణంలో అవి విడిగా దొరుకుతాయి కదా, హోదా అంత చవక. వెనక అద్దం మీద ‘ప్రెస్’ అని ఇంకొకటి. వృత్తిరీత్యా ఆయన ఇనుప సామాను వ్యాపారి. ఇలాంటి బిరుదులు మన రోడ్ల మీద కొల్లలు. నాయకుడి పదవీకాలం ముగిసినా ఆయన బావమరిది కారు మీద స్టిక్కర్ కాలం ముగియదు. కులం పేరు, అభిమాన కథానాయకుడి బొమ్మ, మామగారి కానుక అన్న ప్రకటన, అన్నింటికీ వెనక నిలబడి బరువు మోసేది తమరే. ఇంతమంది గొప్పలను నిలబెట్టిన తమరికి ఒక సన్మానమైనా జరగకపోవడం అన్యాయమే.

ఈ అంటింపుల వీరులే ఫాస్టాగ్ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడలేని పొదుపు పాటిస్తారు. ముందు అద్దానికి తప్పనిసరిగా అంటించవలసిన ఆ ఒక్క స్టిక్కర్‌ను మాత్రం జేబులో పెట్టుకుని, టోల్ గేటు దగ్గర చేత్తో ఎత్తి చూపిస్తారు. అలా చేత పట్టుకు తిరిగే ట్యాగులను బ్లాక్‌లిస్టులో పెడతామని జాతీయ రహదారుల సంస్థ 2025 జులైలో ప్రకటించవలసి వచ్చింది. అంటించవద్దన్నవి అంటిస్తాం, అంటించమన్నది అంటించం.

తమరి వంశ చరిత్ర చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. 1920ల అమెరికాలో రెండు రంగుల కార్ల మోజు నడిచింది. ఒక రంగు కొట్టేటప్పుడు రెండో దాని మీద పడకుండా కాగితాలు అంటించేవారు. వాటిని పీకితే కింది రంగు కూడా పెచ్చులుగా ఊడివచ్చేది. త్రీఎం కంపెనీ వారి గరుకు కాగితం నమూనాలు పట్టుకుని సెయింట్ పాల్‌లో ఒక షెడ్డుకు వెళ్లిన రిచర్డ్ డ్రూ అనే యువకుడు పెయింటర్ల తిట్లు చెవిన వేసుకున్నాడు. గట్టిగా అంటుకోవాలి, రంగు చెదరకుండా ఊడిరావాలి అన్న పట్టుదలతో 1925లో మాస్కింగ్ టేపు తయారు చేశాడు. కారు రంగును కాపాడడానికి పుట్టిన వంశం తమది! తాతల పేరు నిలబెట్టడమంటే ఇదేనా?

తమరిని సాగనంపడానికి సామ దాన భేద దండోపాయాలు ఉన్నాయి. మనవాళ్లు నేరుగా దండంతో మొదలుపెడతారు. బ్లేడు, స్క్రూడ్రైవరు, చిన్న డబ్బా థిన్నరు. ఆ పై మెరుపు పొర, క్లియర్ కోట్ అంటారే, దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా పలచన. బ్లేడు ఒక్కసారి జారితే చాలు. థిన్నరు అంతకన్నా ఘనుడు, జిగురు ఏదో రంగు ఏదో అతనికి తేడా తెలియదు. షెడ్డులో మళ్లీ రంగు కొట్టించిన కారైతే తమతో పాటు ఆ రంగునూ వెంట తీసుకుపోతాడు.

సామం తమరికి బాగా పనిచేస్తుంది. ముందు నీళ్లతో ఇసుకా దుమ్మూ కడగాలి, లేకపోతే రుద్దిన ప్రతిసారీ గీత పడుతుంది. తరువాత హెయిర్ డ్రయ్యర్‌తో చేయి ఓర్చుకోగలిగినంత వేడి. తమరు మెత్తబడతారు. అప్పుడు భేదం. గాలానికి కట్టే నైలాన్ దారాన్ని మోడల్ పేరు అక్షరాలుండే బ్యాడ్జి వెనక దూర్చి, రెండు చేతులతో అటూ ఇటూ రంపంలా లాగాలి. ‘కిర్రు కిర్రు’మంటూ దారం నల్లని స్పాంజిలాంటి డబుల్ సైడ్ టేపును మధ్యకు కోసుకుంటూ పోతుంది, వెండిరంగు అక్షరం ఒక్కొక్కటే అరచేతిలోకి రాలుతుంది. (కొన్ని బ్యాడ్జీలకు వెనక పిన్నులుంటాయి. డిక్కీ మూత లోపలి వైపు చూసుకోకుండా లాగడం ఎందుకు? అది ఊడివచ్చాక చిల్లుల్లోంచి వాన నీరు దిగుతుంది.)

ఇల్లు అలకగానే పండగ కాదు. బ్యాడ్జి పోయాకే తమరి అసలు ఉడుంపట్టు బయటపడుతుంది. బొటనవేలితో ఒత్తి దొర్లిస్తే టేపు ముద్దలు ముద్దలుగా చుట్టుకుని వస్తుంది. మిగిలిన పొర మీద జిగురు తీసే ద్రావకమో, అది లేకపోతే కొబ్బరినూనో రాసి కాసేపు వదిలేయాలి. ఇదే దానం. నూనె తాగి తమరు జారిపోతారు. ఆ జిడ్డును షాంపూ నీటితో కడిగేయాలి. ఓపిక లేనివారు డ్రిల్లుకు తగిలించే రబ్బరు చక్రం వాడతారు. ఒకేచోట ఆపి ఉంచితే రంగు కాలుతుంది కనుక అది తెలిసినవారి చేతికే అప్పగించాలి.

అద్దాల మీది తమరి చరిత్ర వేరే చెప్పాలి. కార్ల అద్దాలకు నల్ల ఫిల్ములు వద్దని 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పోలీసులు నడిరోడ్డు మీద ఆపి ఫిల్ము పీకించేవారు. ఫిల్ము పీకినంత సులువుగా తమరు వస్తారా? ముందు అద్దానికి తడి చేసి బ్లేడు వాడినా నష్టం లేదు కానీ, వెనక అద్దం లోపల మంచు కరిగించే సన్నని గీతలుంటాయి. వాటిమీద బ్లేడు ఆడించినవారు ఆ తరువాత వానాకాలమంతా గుడ్డ పట్టుకునే వెనక్కి చూశారు.

తమరు ఎంత తెలివైనవారంటే, పూర్తిగా పోయాక కూడా పూర్తిగా పోరు. చుట్టూ ఉన్న రంగు ఏళ్ల తరబడి ఎండకు వెలిసింది, తమరి నీడన ఉన్న భాగం మాత్రం షోరూంలో ఉన్నప్పటిలాగే ఉంది. మా ఎర్ర డిక్కీ మీద ఆ షోరూం పేరు ఏటవాలు ఎండలో ఇప్పటికీ చదవవచ్చు, ఫోను నంబరుతో సహా. పాలిష్ పట్టిస్తే తేడా కొంత తగ్గింది. మిగతా పని ఎండకే అప్పగించాను. ఈసారి కొత్త కారు కొంటే మాత్రం బుకింగ్ కాగితం మీదే ‘స్టిక్కర్ అంటించరాదు, అంటిస్తే నెలవారీ అద్దె వసూలు చేయబడును’ అని రాసి, షోరూం మేనేజరు చేత సంతకం పెట్టించుకుంటాను.

ఇట్లు,
తమరి చేత అద్దె తీసుకోని ఇంటి యజమాని

తా.క. ముందు అద్దం మీదున్న తమరి బంధువు, ఆ లేత నీలం రంగు రిజిస్ట్రేషన్ స్టిక్కర్‌ను కంగారు పడవద్దని చెప్పండి. అది పెట్రోలు బండికి ప్రభుత్వం వారు ఇచ్చిన గుర్తింపు. దాని జోలికి నేను రాను.