ఉగ్గుగిన్నె పరీక్ష

వానలు పడ్డాయి. గుంటూరు బ్రాడీపేట అపార్ట్‌మెంట్ల వెనక ఖాళీ స్థలాల్లో పుట్టగొడుగులు లేచాయి, వాటికంటే ముందే నిపుణులు లేచారు. వీళ్లందరిదీ ఒకటే ప్రయోగశాల: వెండి చెంచా. కూరలో వేసి ఉడికించాలి. నల్లబడితే విషం, మెరిస్తే విందు.

మా దగ్గర ఈ శాఖాధిపతి మూడో అంతస్తు బాబాయ్‌గారు. మొన్న ఆదివారం చెంచా దొరక్క, మనవరాలి ఉగ్గుగిన్నెనే కూరలోకి దించారు. "ఏమండీ, మార్కెట్లో పాకెట్టు తెచ్చుకుందాం" అని పిన్నిగారు అంటే, "నీకు సైన్సు తెలీదు" అన్నారు. కాసేపటికి గిన్నె నల్లబడింది. ఆయన చలించలేదు. "అది వెల్లుల్లి వల్ల." వెల్లుల్లి లేకుండా ఇంకో వాయి ఉడికించి, గిన్నె తోమి మళ్లీ దించారు. మెరిసింది. సప్లిమెంటరీలో పాసైన ఆ కూర ఎవరికి పోయిందనుకున్నారు? వాచ్‌మన్ ఇంటికి! "వాళ్లకి ఇవన్నీ అలవాటే" అట. పిన్నిగారు దారిలోనే లాక్కుని పారబోశారు కాబట్టి సరిపోయింది.

వెండిని నల్లబరిచేది గంధకం. ఉడికించిన కోడిగుడ్డు తగిలినా నల్లబడుతుంది. విషానికీ దీనికీ సంబంధం లేదు. నత్తలు కొరికాయి కాబట్టి మంచివే అనేది ఇంకో శాస్త్రం. నత్తలు విషపు పుట్టగొడుగుల్నీ సుఖంగా తింటాయి.

గడ్డిలో తెల్లగా, పళ్లెమంత విప్పారి, ముదిరాక అడుగు రేకులు ఆకుపచ్చగా మారే క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అనే రకమైతే వాంతులు, విరేచనాలతో వదలొచ్చు. అమానిటా అనే జాతి పుట్టగొడుగుల్లో కొన్నింటిలో ఉండే అమటాక్సిన్ అనే విషం అలా కాదు. ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు. ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, చప్పుడు చెయ్యదు. తర్వాత వాంతులు. ఆపైన కాస్త తెరిపి, తగ్గిందనుకుని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. లోపల లివర్ చచ్చిపోతుంటుంది.

ఇది వినిపించుకోకుండా "మా అమ్మమ్మ ఇలాగే చూసేది" అని గ్రూపుల్లో పెట్టేవాళ్లకి సిగ్గుండాలి. మీ అమ్మమ్మ ఏ పుట్ట మీద, ఏ కార్తెలో, ఏది లేస్తుందో చిన్నప్పటినుంచి చూసిందయ్యా! తెలియనిదాన్ని ముట్టుకోలేదు. ఆవిడ వెండి మీకు వచ్చింది, చూపు రాలేదు. ఎవరి పిల్లల కడుపు మీద చేస్తారు మీ ప్రయోగాలు?

ఇప్పటికే ఎవరైనా తిని ఉంటే వాంతులయ్యేదాకా ఆగకండి. మిగిలిన పుట్టగొడుగుని కాగితంలో చుట్టుకుని జీజీహెచ్‌కి, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రికి, పరుగెత్తండి. ఉగ్గుగిన్నె తేవక్కర్లేదు, డాక్టరుగారికి దాంతో పనిలేదు.