స్టాల్ హౌస్ అమ్మకం: దస్తావేజులో షరతు ఉండి తీరాలి

లాస్ ఏంజెలెస్‌లో హాలీవుడ్ కొండ అంచున ఉన్న స్టాల్ హౌస్‌ను 2025 నవంబరులో అమ్మకానికి పెట్టారు. అడుగుతున్న ధర రెండున్నర కోట్ల డాలర్లు, మన లెక్కలో రెండు వందల కోట్ల రూపాయల పైమాటే. ఉన్నవి రెండు పడకగదులే. కట్టిన నాటి నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉన్న ఇల్లు బేరానికి రావడం ఇదే మొదటిసారి.

1954లో బక్ స్టాల్ దంపతులు ఈ స్థలాన్ని 13,500 డాలర్లకు కొన్నారు. ఇంత వాలులో ఇల్లు నిలవదని చాలామంది పెదవి విరిచారు. బక్ మాత్రం సెలవురోజుల్లో నిర్మాణాల దగ్గర పారేసిన కాంక్రీటు ముక్కలు ఏరి తెచ్చి, కొండ జారకుండా తన చేతులతోనే గోడ పేర్చుకున్నాడు. కొందరు ఆర్కిటెక్టులు మాకొద్దన్నాక పియర్ కోనిగ్ ఒప్పుకున్నాడు. సన్నటి ఉక్కు స్తంభాలు, 20 అడుగుల వెడల్పు గాజు పలకలు, చదును పైకప్పు, ఈతకొలను చుట్టి వచ్చే 'ఎల్' ఆకారం. హాల్లో కూర్చుంటే మనకూ లోయకూ మధ్య గాజు తప్ప అడ్డేమీ ఉండదు. 1960లో జూలియస్ షుల్మన్ రాత్రిపూట తీసిన ఫొటోలో ఇద్దరు యువతులు ఆ గాజు మూలలో కూర్చుని కబుర్లాడుతుంటారు, వాళ్ల కింద నగరం దీపాలు బారులు తీరి ఉంటాయి. ఇంటిని లోకానికి పరిచయం చేసింది ఆ ఫొటోనే.

అసలు ఇది 'ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్' పత్రిక 1945లో మొదలుపెట్టిన కేస్ స్టడీ ఇళ్లలో 22వది. యుద్ధం ముగిశాక మధ్యతరగతికి అందుబాటులో ఉండే ఇళ్లు ఎలా కట్టవచ్చో చూపడం ఆ ప్రయత్నం ఉద్దేశం. అలాంటి ఇల్లు ఇప్పుడు కోటీశ్వరులకే దక్కబోతోందంటే మనసు చివుక్కుమంటుంది.

1999లో నగరం, 2013లో అమెరికా చారిత్రక స్థలాల జాబితా అయిన జాతీయ రిజిస్టర్ దీన్ని చారిత్రక కట్టడంగా గుర్తించాయి కదా, ఇంకేం భయం అనుకోవచ్చు. కానీ నగర గుర్తింపు కూల్చివేతను సుమారు ఏడాది ఆపగలదంతే. సొంత డబ్బుతో మార్పులు చేసుకునే యజమానిని జాతీయ రిజిస్టర్ ఆపలేదు. లాస్ ఏంజెలెస్‌లోనే బ్రెంట్‌వుడ్ ప్రాంతంలో క్రెయిగ్ ఎల్‌వుడ్ 1950లో రూపొందించిన జిమ్మర్‌మన్ హౌస్‌ను కొత్త యజమానులు 2024లో నేలమట్టం చేశారు. దానికి ఈ గుర్తింపులు లేవు, నిజమే. స్టాల్ హౌస్‌కు నాకు కనిపించే ముప్పు కూల్చివేత కన్నా తలుపులు మూతపడటం. ఇన్నేళ్లూ ఆ కుటుంబం సందర్శకులను లోపలికి రానిచ్చింది. కొత్త యజమానికి ఆ అవసరమేముంది?

దారి లేకపోలేదు. అదే నగరంలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపొందించిన ఎన్నిస్ హౌస్‌ను 2011లో అమ్మినప్పుడు, ఏడాదికి 12 రోజులు జనాన్ని అనుమతించాలని షరతు పెట్టారు. ఆ షరతు యజమాని మారినా ఇంటిని వదలదు. దాంతో విలువేమీ పడిపోలేదు, 2019లో కోటీ 80 లక్షల డాలర్లకు మళ్లీ అమ్ముడైంది. స్టాల్ కుటుంబం కూడా రూపురేఖలు మార్చకూడదనీ, సందర్శకులకు కొన్ని రోజులు కేటాయించాలనీ దస్తావేజులోనే రాయించాలి. అందుకు ధర కొంత తగ్గించుకోవలసి వచ్చినా సరే. ఆ షరతు పెట్టే హక్కు సంతకాలు అయ్యేంతవరకే వాళ్ల చేతిలో ఉంటుంది.