గాంధారం దించితే కాపురం కూలుతుంది

తెలుగు కాపురాలన్నీ ఒక్క స్వరం మీద నిలబడి ఉన్నాయన్న సంగతి ప్రభుత్వం ఇంకా గుర్తించలేదు. తిరుపతి కొర్లగుంటలో, మా మేడమీది గదిలో కూర్చుని ఒక టీవీ సీరియల్‌కి వాద్య సంగీతం కట్టేదాకా నాకూ తెలియదు.

హైదరాబాద్ నుంచి దర్శకుడు ఫోన్ చేశారు. కోడలు కాఫీ తెస్తుంది, అత్త చూస్తుంది. అంతే సన్నివేశం. "40 సెకన్లు కావాలి మాస్టారూ" అన్నారు. ఒక్క చూపుకి అంతసేపా అని అడగబోయి ఊరుకున్నాను. అడ్వాన్సు ఇంకా రాలేదు.

కోడలు నవ్వుతూ వస్తుంది గనుక మోహన రాగం పట్టుకున్నాను. సరిగపద, అయిదే స్వరాలు, వేణువు మీద హాయిగా సాగింది. అత్త తల తిప్పగానే అందులోని 'గ'ను, అంటే అంతర గాంధారాన్ని, దాని కిందున్న సాధారణ గాంధారానికి దించాను. మిగతా నాలుగూ ఎక్కడివక్కడే. శివరంజని రాగం! ఇల్లంతా శోకం. కీబోర్డు మీద అది పక్క మెట్టే. విడాకుల కేసులు చూసే వకీళ్లు ఈ మెట్టును ఒకసారి పరిశీలించాలని మనవి.

అన్నమయ్య కీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రపరిచారు. నా 40 సెకన్లను రేకులకెక్కించే ప్రతిపాదన ఇంతవరకూ ఎవరూ తేలేదు. చూద్దాం.

దర్శకుడు విన్నారు. "రాగం బాగుంది మాస్టారూ, దెబ్బ ఏదీ?"

అత్త చూపుకి ఇంట్లో 11 మందీ ఉలిక్కిపడాలట. ఒక్కో ముఖం మూడుసార్లు దగ్గరికొస్తుంది, వచ్చినప్పుడల్లా ఒక డుం. మొత్తం 33. సెకనుకు 25 ఫ్రేములు, 40 సెకన్లకు 1000. అంటే డుంకి సుమారు 30 ఫ్రేములు. చుట్టుకి ఎనిమిది దెబ్బలుండే ఆది తాళంలో వేసి చూశాను: నాలుగు ఆవర్తాలకు, అంటే నాలుగు చుట్లకు, 32 పోయాయి, మిగిలిన ఒక్కటీ సరిగ్గా సమం మీద, అంటే తర్వాతి చుట్టు మొదటి దెబ్బ మీద, పడింది. త్యాగరాజస్వామి సాక్షిగా శాస్త్రం తప్పలేదు.

పదిహేడో డుం దగ్గర మా అమ్మ గరిటెతో పరుగున వచ్చింది.

"ఏం నాయనా, ఈ పొద్దు సీరియల్ అప్పుడే మొదలైందా?"

టీవీ కట్టేసి ఉంది. అయినా కుర్చీ లాక్కుని కూర్చుని, 33 డుంలూ కళ్లప్పగించి విన్నది. తర్వాత అడిగింది.

"ఇంతకీ ఆ కాఫీ తాగిందా, లేదా?"

దర్శకుడికి ఫోన్ చేసి కనుక్కున్నాను. అది ఇంకా రాయలేదట.