చిలకరింపు డబ్బా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కూరగాయల సంతలోని చిలకరింపు డబ్బా గారి సముఖమునకు,

కోనసీమ నుంచి మీ పాత ఖాతాదారు నమస్కరించి వ్రాయునది. పూర్వాశ్రమంలో తమరు ఐదు లీటర్ల నూనె డబ్బా అనీ, మూతకు మేకుతో పొడిచిన పది పన్నెండు చిల్లులే తమకు పట్టాభిషేకమనీ మాకు తెలుసు. తెల్లవారుజామున లంకల నుంచి దిగిన కొత్తిమీర కట్ట ఎనిమిది గంటలకల్లా తల వాల్చేస్తే, తమరు ఒక్కసారి వంగి ప్రోక్షించగానే అది నిగనిగలాడుతూ లేచి కూర్చుంటుంది; మేము "ఇప్పుడే కోసినట్టుంది" అని మురిసిపోయి, బేరమైనా ఆడకుండా సంచిలో వేసుకుంటాము.

తమ కడుపులోని తీర్థం పక్క కాలువది. 1852లో కాటన్ దొర పూర్తి చేయించిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయలుదేరిన ఆ నీరు మా రేవుకు చేరేలోగా ఎన్ని ఊళ్ళ గేదెలను కడిగిందో, ఎన్ని మరుగుదొడ్ల గొట్టాలను కలుపుకొన్నదో తమకే ఎరుక. పశువుల పేగుల్లో కాపురముండే ఈ. కోలి, మనుషుల మలంతో వచ్చే షిగెల్లా, ఇరువురి దగ్గరా దొరికే సాల్మొనెల్లా అనే జబ్బు క్రిములు టిక్కెట్టు లేకుండా ఆకుల మీద దిగుతున్నాయంటే ఆ పుణ్యం తమదే. ఆపైన తడి గోనెపట్టా కప్పి చెమ్మ ఆరకుండా జోకొడతారు కూడాను. అన్నీ అనుకూలిస్తే ఈ. కోలి ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది.

పోయిన నెల మా ఇంట దోసకాయ పెరుగుపచ్చడి మీద తమరు ఆశీర్వదించిన కొత్తిమీరను పచ్చిగానే తరిగి చల్లుకున్నాము. తెర్లుతున్న పులుసులో వేసి ఉంటే క్రిములు చచ్చేవి. వేయలేదు గనుక మూడు రోజులు మాకే చచ్చినంత పనయింది. "పెరుగు పులిసిపోయిందిరా" అని మా మేనత్తగారు తీర్పు చెప్పారు. తమ మీద నేరం ఋజువు చేయలేను. మిగిలిన కట్ట వేళ్ళ నడుమ బురదలో గోరంత నత్తగుల్ల ఒకటి కనబడింది, అంతే. నిందలు తప్పు తలుపు తట్టడం కొత్తేమీ కాదు: 2011లో జర్మనీలో ఈ. కోలి యాభై మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు తొలుత స్పెయిన్ దోసకాయలను దోషులన్నారు, తీరా చూస్తే కారణం మెంతి మొలకలు.

మేమూ తక్కువవాళ్ళం కాము. గిన్నెడు నీళ్ళలో కట్టను కట్టగా ముంచి తీసి, దానినే కడగడం అంటాము. కుళాయి ధార కింద ఆకూ ఆకూ విడదీసి కడిగితే క్రిములు తగ్గుతాయే తప్ప, ముడతల్లో అతుక్కున్నవి పూర్తిగా పోవు. బురద వేళ్ళు కోసిన కత్తిపీట మీదే కీరా చక్రాలు కోసుకుంటే ఆ కాస్త కష్టమూ వృథా.

కాబట్టి మనవి ఏమనగా, వచ్చే ఆదివారం నేను వచ్చేసరికి తమ స్నానం సోకని కట్ట ఒకటి పక్కన పెట్టించగలరు. వాడిపోయినా సరే, ధర తగ్గించనక్కరలేదు.

ఇట్లు,
పొడి కొత్తిమీర అడిగి సంతలో నవ్వులపాలైన వ్యక్తి