సవరణ: డెలాగ్రాంజ్ విమానం ఎవరు తయారు చేశారు?

ఫ్రాన్స్ శిల్పి, తొలితరం పైలట్ లియోన్ డెలాగ్రాంజ్ గురించి మొన్న పెట్టిన పోస్టులో, ఆయన తన మొదటి విమానాన్ని స్వయంగా తయారు చేసుకున్నారని ఉంది. అది సరికాదు. దాన్ని తయారు చేసింది గాబ్రియెల్, చార్లెస్ వ్వాజాన్ సోదరులు. డెలాగ్రాంజ్ డబ్బిచ్చి చేయించుకున్నారు. 1907 మార్చి 30న పారిస్‌లోని బగటెల్ మైదానంలో అది 60 మీటర్లు ఎగిరినప్పుడు నడిపింది కూడా చార్లెసే. కొన్నవారి పేరును విమానం తోక మీద పెద్దగా రాయడం వ్వాజాన్‌ల అలవాటు. దాంతో పేరంతా కొన్నవాళ్లకే వచ్చేది. కష్టపడి చేసినవాళ్లకు ఇది అన్యాయమే, అందుకే ఈ సవరణ.

అంతమాత్రాన డెలాగ్రాంజ్ గొప్పతనం ఏమీ తగ్గదు. బొమ్మలు చెక్కే మనిషి ఏడాది తిరిగేసరికి రోమ్, మిలాన్, టురిన్ జనం ముందు విమానం నడిపి చూపించారు. ఆయన స్నేహితురాలు తెరేజ్ పెల్తియే కూడా శిల్పే. 1908 జులైలో టురిన్‌లో ఆయన వెనక కూర్చుని ఎగిరారు, తర్వాత తనూ నడపడం నేర్చుకున్నారు. నిజానికి ఆమె గురించి విడిగా రాయాలి.

ఇంకొకటి. ఫ్రాన్స్ పైలట్ లైసెన్సుల్లో ఆయనది 3వ నంబరు కాబట్టి మూడో పైలట్ అని కామెంట్లలో కొందరు రాశారు. ఆ నంబరును బట్టి అలా చెప్పలేం. మొదటి లైసెన్సులకు నంబర్లు పైలట్ల ఇంటిపేర్ల ఇంగ్లిష్ అక్షర క్రమంలో ఇచ్చారు: బ్లేరియో (B), కర్టిస్ (C), తర్వాత డెలాగ్రాంజ్ (D).

1910 జనవరి 4న బోర్డో దగ్గర ఆయన ప్రాణం తీసింది వ్వాజాన్ విమానం కాదు, బ్లేరియో తయారు చేసిన విమానం. గాల్లో ఉండగా రెక్క విరిగింది.