ఎ అక్షరం కింద ఇంత రద్దీ ఎందుకు?

మా కాలనీ సంగీతాభిమానులు ఏటా ఒక చిన్న సంచిక వేసుకుంటారు. ఈసారి అందులో తెలుగువాళ్లు తరతరాలుగా విన్న గాయకులు, వాద్యకారులు, సంగీత దర్శకుల పేర్లు అకారాదిగా వేద్దామన్నారు. ఆ పని నా నెత్తిన పడింది. మొత్తం 120 పేర్లు. కంప్యూటర్లో వరుసగా కొట్టి, క్రమంలో పెట్టమని ఒక మీట నొక్కితే తీరిపోయే పని అనుకున్నాను. తీరిపోయింది కూడా. తీరా చూస్తే అ దగ్గర ఇద్దరు ముగ్గురు, ఉ దగ్గర ఎవరూ లేరు, ఎ దగ్గర మాత్రం తిరునాళ్ల. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఎస్. జానకి, ఎస్. రాజేశ్వరరావు, ఎం. బాలమురళీకృష్ణ, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, ఎం.ఎల్. వసంతకుమారి, ఎం.ఎం. కీరవాణి, ఎల్.ఆర్. ఈశ్వరి, ఎ.ఆర్. రెహమాన్, ఎస్. తమన్. అందరూ ఒకే గడప ముందు నిలబడి ఉన్నారు.

వీళ్లలో ఒక్కరి పేరూ ఎ తో మొదలు కాదు. ఇంటిపేరు కూడా కాదు. బాలు ఇంటిపేరు శ్రీపతి పండితారాధ్యుల. జానకిది శిష్ట్లా. రాజేశ్వరరావుది సాలూరి. బాలమురళిది మంగళంపల్లి. మరి ఈ ఎ ఎక్కడిది? ఇంగ్లీషు అక్షరాలకు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేర్లది. ఎ, ఎఫ్, ఎల్, ఎం, ఎన్, ఎస్, ఎక్స్: ఇరవై ఆరింటిలో ఏడింటిని తెలుగులో రాయాలంటే ఎ తోనే మొదలుపెట్టాలి. అంటే నేను కూర్చింది ఇంగ్లీషు బడిలో ఒకటో తరగతి పిల్లలు వల్లించే అక్షరాల పేర్ల జాబితా. దాని పక్కన మన సంగీతకారులు తోకల్లా వేలాడుతున్నారు.

ఒకసారి ఇది కంట పడ్డాక మిగతావీ వరుసగా బయటపడ్డాయి. గేదెల ఆనంద్ గ లో ఉండాల్సినవారు, జి. ఆనంద్ అయ్యేసరికి జ లోకి వెళ్లారు. ఆర్.పి. పట్నాయక్ అచ్చుల్లోకి వచ్చి ఆ దగ్గర కూర్చున్నారు. ప వాళ్లు మాత్రం అదృష్టవంతులు. పి అన్న అక్షరం పేరు ప తోనే మొదలవుతుంది కాబట్టి పులపాక సుశీల, ప్రతివాది భయంకర శ్రీనివాస్ ఎటు తిప్పినా తమ ఇంట్లోనే ఉన్నారు. (అంత మెత్తని గొంతుకు అలాంటి ఇంటిపేరు! పి.బి. అని కుదించకపోయి ఉంటే ఆ చమత్కారం మనకు రోజూ వినబడేది.)

పొడి అక్షరాలను చూసి మనం అన్నీ ఒకటే అనుకుంటాం. వాటిని విప్పితే లోపల ఒక్కోచోట ఒక్కో సరుకు ఉంటుంది. మన దగ్గర ముందున్న అక్షరం దాదాపుగా ఇంటిపేరు, ఆ ఇంటిపేరు చాలామందికి ఏదో ఒక ఊరి పేరు. తమిళుల దగ్గర అది సొంత ఊరు కావచ్చు, తండ్రి పేరు కావచ్చు. పి. లీల మలయాళీ, ఆ పి పొరయత్తు, అది వాళ్ల ఇంటికి ఉన్న పేరే కాని మన లెక్క ఇంటిపేరు కాదు. నా పట్టికలో ఆమె, సుశీల అక్కాచెల్లెళ్లలా పక్కపక్కన పడ్డారు.

నన్ను ఎక్కువసేపు ఆపినవి మాత్రం రెండు పేర్లు. ఎం.ఎస్. అంటే మదురై షణ్ముఖవడివు. ఎం.ఎల్. అంటే మద్రాసు లలితాంగి. రెండింటిలోనూ మొదటిది ఊరు, రెండోది తల్లి. షణ్ముఖవడివు వీణ విద్వాంసురాలు, లలితాంగి గాయని. సంగీతం తల్లి నుంచి కూతురికి వచ్చిన ఇళ్లు అవి. తండ్రి పేరు మోయడమే లోకరీతి అయిన కాలంలో ఆ కూతుళ్లు తల్లి పేరును ముందు పెట్టుకుని కచేరీ వేదిక ఎక్కారు. బెంగుళూరు నాగరత్నమ్మ కూడా ఊరి పేరుతోనే నిలిచారు. తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించినది ఆమే. ఇంత చరిత్ర ఒక ఎస్ లో, ఒక ఎల్ లో ముడిచిపెట్టి, ఆ ముడిని కూడా ఎ అనే గోతాంలో పడేశాం.

ఇంగ్లీషు లిపిలోనే పట్టిక వేసుకుంటే గొడవ ఉండదు కదా అన్నాడు ఒక మిత్రుడు. వేసి చూశాను. అక్కడ రద్దీ ఎస్ దగ్గరికి మారింది. శిష్ట్లా, శ్రీపతి, సాలూరి, షేక్ చినమౌలానా అందరూ ఒకే కుప్ప. శ, ష, స మూడూ వాళ్లకు ఒకటే. త, ట, థ కూడా అంతే. త్యాగరాజును కొందరు హెచ్ చేర్చి రాస్తారు, కొందరు చేర్చకుండా రాస్తారు. ఒకే మనిషి ఒకే అక్షరం కింద రెండు చోట్ల తేలతాడు. సుశీల పేరుకూ ఇదే తిప్పలు. 17,695 పాటలతో ఆమె పేరు 2016లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అలాంటి లెక్క తేలాలంటే మొదట ఒక మనిషి ఒకే పేరు కింద దొరకాలి.

పాశ్చాత్య బ్యాండ్ల సంగతి కొంత సుఖం. పేరుకు ముందున్న ‘ద’ను లెక్కలోంచి తీసేయాలని వాళ్లు ఏనాడో ఒప్పందానికి వచ్చారు కాబట్టి బీటిల్స్ బి లోనే దొరుకుతారు. ‘ద ద’ అనే పేరు పెట్టుకున్న బ్యాండు ఒకటి ఉంది, దాన్ని మాత్రం ఏం చేస్తారో! బాబ్ డిలన్ డి లోకి వెళతారు, పింక్ ఫ్లాయిడ్ మాత్రం పి లోనే ఉంటుంది. ఎందుకంటే అది మనిషి పేరు కాదు, ఇద్దరు బ్లూస్ గాయకుల పేర్లలోంచి చెరో ముక్క తీసి అతికించినది. మన చౌరస్తా బ్యాండుకు కూడా ఇంటిపేరు బాధ లేదు, నేరుగా చ.

జంటల దగ్గరకు వస్తే మన సంగీతంలో ఎవరి పద్ధతి వారిది. మల్లాది సోదరులకు ఇంటిపేరే గుర్తు. హైదరాబాద్ సోదరులు డి. రాఘవాచారి, డి. శేషాచారి ఊరి పేరుతో వెలిశారు. షణ్ముఖప్రియ, హరిప్రియ తమ పేర్ల చివరి ముక్కను ఉమ్మడి ఆస్తిగా తీసుకుని ప్రియా సిస్టర్స్ అయ్యారు. సినిమాల్లో రాజ్–కోటి. ఇందులో రాజ్ తోటకూర సోమరాజు, సంగీత దర్శకుడు టి.వి. రాజు కొడుకు. కోటి సాలూరి కోటేశ్వరరావు, రాజేశ్వరరావు కొడుకు. రెండు సంగీత కుటుంబాల వారసులు కలిసిన జంట అది. పట్టికలో మాత్రం తండ్రి రాజేశ్వరరావు ఎ లో, కొడుకు కోటి ర లో. జంట విడిపోయాక కొడుకు క లోకి మారాడు.

ఇంటిపేరుతో వేస్తే ఏం జరుగుతుందో చూడాలని రెండో పట్టిక కూర్చాను. కొన్ని చోట్ల ముచ్చటేసింది. సాలూరి వాళ్లందరూ ఒక చోటికి చేరారు. తమన్ అసలు పేరులో ఘంటసాల ఉంది. నటులను, పాటలను నిలబెట్టిన నిర్మాత, దర్శకుడు ఘంటసాల బలరామయ్య మనవడు ఆయన. అందుకని ఎస్. తమన్ కాస్తా ఎ లోంచి లేచి వెళ్లి ఘ దగ్గర ఘంటసాల వెంకటేశ్వరరావు పక్కన కూర్చున్నారు. ఇద్దరి పాటల మధ్య దూరం తలచుకుంటే ఆ పొరుగు భలేగా అనిపించింది. కీరవాణి కోడూరి అయ్యారు. ఆయనది మరీ విచిత్రం. తెలుగులో కీరవాణి, తమిళంలో మరకతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. 2023లో ఆస్కార్ అందుకున్న మనిషి మూడు భాషల పట్టికల్లో మూడు అక్షరాల కింద ముగ్గురిగా బతుకుతున్నారు. ఆయన పేరు ముందున్న ఎం.ఎం. ఇంటిపేరు కూడా కాదు, మరకతమణిని విరిచిన ముక్కలు.

ఈ రెండో పట్టికను మా పెద్దమ్మకు చూపించాను. అరవై ఏళ్లుగా సుశీల పాట వింటున్న మనిషి. కళ్లజోడు సర్దుకుని ప దగ్గర వేలు పెట్టి, “ఈ పులపాక వారు ఎవరు నాయనా?” అంది.

అక్కడితో నా ఇంటిపేరు సిద్ధాంతం సగం కూలింది. మనం ఘంటసాలను ఇంటిపేరుతో పిలుస్తాం, వెంకటేశ్వరరావు అంటే ఎవరికీ తెలియదు. శాస్త్రీయ సంగీత విద్వాంసులు ద్వారం, ఈమని, ఓలేటి, నేదునూరి కూడా అంతే. సుశీల, జానకిలను సొంత పేరుతో పిలుస్తాం. ఆడవాళ్ల ఇంటిపేర్లను జనం పట్టించుకోలేదని కూడా ఇందులో చదువుకోవచ్చు. మగ విద్వాంసుల ఇంటిపేరే బిరుదులా మోగింది, ఆడవాళ్లది ఒక పొడి అక్షరమై ఆగిపోయింది. పాలకొల్లు పిల్లవాడు ఉప్పలపు శ్రీనివాస్ కు వాద్యమే ఇంటిపేరైంది: మాండలిన్ శ్రీనివాస్. బాలమురళి పేరులో ‘బాల’ పుట్టుకతో వచ్చింది కాదు. పసివాడి గానం విని ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ముందు చేర్చినది. ఇంటిపేరు కూడా ఒక రకం దస్తావేజే తప్ప, పాట వినే మనిషి నోట్లో ఆడే మాట అదే కావాలని నియమం లేదు.

మరి సాహిత్యకారులకు ఈ చిక్కు ఎందుకు రాలేదు? సింగిరెడ్డి నారాయణరెడ్డి సినారె అయ్యారు. కొడవటిగంటి కుటుంబరావు కొ.కు. అయ్యారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి. వీటిలో ప్రతి ముక్కా తెలుగు అక్షరమే. అకారాదిలో వేస్తే నేరుగా సొంత గూటికి చేరతాయి. తమిళులు స్టాలిన్ పేరును ము.క. అని రాసుకుంటారు, ఎం.కె. అని కాదు. మన రచయితలకు వచ్చిన ఈ తెలివి మన గాయకుల పేర్లకు అబ్బలేదు. రచయితల పేర్లు తెలుగు పత్రికల్లో పుట్టి పెరిగాయి, గాయకుల పేర్లు మద్రాసు స్టూడియోల్లో, రికార్డు కంపెనీల కాగితాల్లో, సినిమా టైటిళ్లలో పెరిగాయి. కారణం అదే అయి ఉంటుందని నా ఊహ. రేడియోలో “గానం పి. సుశీల” అని రోజూ వింటూ పెరిగిన చెవికి అది కుదింపని కూడా తోచదు.

యంత్రం ఈ చిక్కును ఇంకా బిగించింది. ఎం అని సున్నతో రాస్తే కంప్యూటర్ దాన్ని ఎన్ కంటే ముందు పెడుతుంది. ఎమ్ అని రాస్తే ఎన్ తర్వాత పెడుతుంది. అంటే సుబ్బులక్ష్మి సున్నతో ఉంటే ఎ వరుసకు మొదట్లో, మకార పొల్లుతో ఉంటే మధ్యలో. చుక్క తర్వాత ఖాళీ వదిలితే ఒక చోటు, వదలకపోతే మరో చోటు. పాటలు వినిపించే ఫోను యాప్ లో ఒకే గాయని మూడు వేర్వేరు మనుషులుగా కనిపించడానికి ఇలాంటి చుక్కలూ ఖాళీలే చాలు. పేరును నమ్ముకుంటే లాభం లేదని గ్రంథాలయాలు, హక్కుల సంఘాలు మనిషికొక 16 అంకెల సంఖ్య ఇచ్చే పద్ధతి పెట్టుకున్నాయి, ఐఎస్ఎన్ఐ అంటారు. హక్కుల సొమ్ము పంచడానికి అది పనికొస్తుంది. మా పెద్దమ్మకు పనికిరాదు.

చివరికి నేను తేల్చుకున్నది ఇది. పదిమంది ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరు మొదటి అక్షరం కింద వేయాలి. పక్కన ఇంటిపేరో, ఊరో, తల్లి పేరో పూర్తిగా విప్పి రాయాలి, పొడి అక్షరాలు వద్దు. ఇంటిపేరు దగ్గర ఒక చిన్న పంక్తి: పులపాక – సుశీల చూడండి. ఈ లెక్కన ఘంటసాల ఘ లో, బాలు బ లో, జానకి జ లో. సుబ్బులక్ష్మి సంగతేమిటని సంపాదకుడు అడిగాడు. ఆమె ఎ లోనే ఉంటారన్నాను. ఎందుకంటే ఆమెను జనం ఎమ్మెస్ అంటారు. ఆ రెండక్షరాలు కలిసిపోయి ఎప్పుడో ఒక మాటగా, ఒక పేరుగా మారాయి. ఎ లో ఉండే హక్కు ఆ పట్టిక మొత్తం మీద ఆమెకు ఉంది. ఇది అన్యాయమని, ఒకరికో నీతి మరొకరికో నీతి అని ఆయన వాదించాడు. నిజమే, పిలుపులో న్యాయం ఉండదు, వాడుక ఉంటుంది.

ఒక్కరు మాత్రం ఇంకా స్థిరపడలేదు. పదకర్త క్షేత్రయ్య. పెద్దబాలశిక్షలో క్ష వర్ణమాల చివర ఉంటుంది, కాబట్టి ఆయన్ను హ, ళ దాటాక వేయాలని మా పెద్దమ్మ పట్టు. కంప్యూటర్ కు క్ష అంటే క కింద ష, అంతే. అది ఆయన్ను కౌ దాటించి క లోనే ఉంచింది. అసలు పేరు వరదయ్య అని చెబుతారు, అలాగైతే వ. మువ్వ గోపాలుడి మనిషి కాబట్టి మ అన్నా కాదనలేం. నాలుగుసార్లు మార్చాను. ప్రస్తుతానికి క చివర ఉన్నాడు. సంచిక అచ్చుకు వెళ్లడానికి ఇంకా వారం ఉంది, పెద్దమ్మ రోజూ అడుగుతోంది.